ధనియాలు, శంఖుపూలు, జిన్

జిన్ అనే మందులో మొదట పడేది జునిపర్ కాయ. రెండోది ఏమిటో తెలిస్తే మీరూ నాలాగే నవ్వుతారు. ధనియాలు! ఆ తర్వాత నిమ్మతొక్క, నారింజతొక్క, చేసేవాళ్ల ఇష్టాన్ని బట్టి యాలకులు, దాల్చినచెక్క, మిరియాలు. జునిపర్ ఒక్కటే మన కొట్లో దొరకదు, అది హిమాలయాల్లో కాస్తుంది. ఆయుర్వేదంలో దాన్ని హపుష అంటారు. అది తీసేస్తే మిగతాదంతా మన పోపులపెట్టే.

ఈమధ్య ఫోన్లో ఎక్కడ చూసినా నీలం రంగు జిన్ గ్లాసులే. పైన ఒక పువ్వు, పక్కన ఒక పండుముక్క. నిమ్మరసం పిండగానే నీలం కాస్తా వంగపండు రంగులోకి తిరుగుతుంది. ఆ నీలం ఇంకేదో కాదు, మా పెరటి కంచె మీద పాకే శంఖుపూలు. శివుడికి పెట్టే పువ్వు అక్కడికెలా పోయిందా అని మొదలుపెట్టి చదువుతూ పోతే, ఆ గ్లాసు వెనక ఉన్న కథ మా బిట్రగుంట దాకా వచ్చింది.

జిన్ పుట్టిల్లు హాలండ్ ప్రాంతం. అక్కడ దాని పేరు జెనెవర్, మొదట్లో కడుపునొప్పికీ అలాంటివాటికీ ఇచ్చిన ఔషధం. 1689లో హాలండ్ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండుకి రాజయ్యాడు. ఫ్రాన్సు బ్రాందీ మీద కోపంతో, మన ధాన్యంతో మనమే సారా కాచుకుందాం అని అక్కడి ప్రభుత్వం తలుపులు బార్లా తెరిచింది. ఇంక చూడండి, లండన్ పేటల్లో వీధివీధికీ జిన్ కొట్టే. రుచి కోసం టర్పెంటైన్ కలిపేవాళ్లట. నాసిరకం సరుకు నోట్లోకి పోవాలంటే పైన ఒక వాసనో తీపో ఉండాలి కదా. పూలూ పండ్లూ జిన్‌లోకి ఫ్యాషన్ కోసమే వచ్చాయనుకోకండి, ముందు లోపల ఉన్నదాన్ని దాచడానికి వచ్చాయి.

1736లో చట్టం తెచ్చారు. అమ్మాలంటే ఏడాదికి 50 పౌండ్ల లైసెన్సు. దాదాపు ఎవరూ కట్టలేదు, దొంగచాటుగా అమ్మారు, 1743లో ఆ చట్టాన్నే ఎత్తేశారు. 1751లో ఇంకో చట్టం వచ్చింది. అదే ఏడాది హోగార్త్ అనే చిత్రకారుడు 'జిన్ లేన్' అని ఒక బొమ్మ గీశాడు. మెట్ల మీద ఒక తల్లి తాగిన మత్తులో ఉంటుంది, చేతిలోంచి బిడ్డ జారి కింద పడిపోతుంటుంది, ఆమెకు తెలియదు. ఆ బొమ్మ చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. కానీ తర్వాత ఒక అనుమానం వచ్చింది. ఆ కాలంలో జిన్‌కి పెట్టిన పేర్లలో ఆడపేర్లు ఉన్నాయి. మేడమ్ జెనీవా, మదర్ జిన్. లైసెన్సులిచ్చింది మగవాళ్లు, పన్ను వసూలు చేసుకుంది మగవాళ్లు, తాగినవాళ్లలో మగవాళ్లు తక్కువేం కాదు. బొమ్మలో నడిమధ్య కూర్చోబెట్టింది మాత్రం ఒక తల్లిని.

మన దేశానికి ఇది వచ్చింది దొరలతో. మలేరియాకి సింకోనా బెరడు మందని తెలుసు, 1820లో ఫ్రాన్సులో దాన్నుంచి క్వినైన్ విడదీశారు. నీలగిరుల్లో సింకోనా తోటలు వేశారు. క్వినైన్ చేదు తాగినవాళ్లకే తెలుస్తుంది, అందుకని చక్కెర, సోడా కలిపి టానిక్ వాటర్ అన్నారు. 1858లో లండన్లో దానికి పేటెంట్ తీసుకున్నారు. జిన్ను, టానిక్కును కలిపి తాగినట్టు కాగితం మీద కనిపించే తొలి మాట 1868లో, మన దేశంలో నడిచిన ఒక ఆటల పత్రికలో, గుర్రప్పందేల సంగతి రాస్తూ. అంటే జ్వరం తగ్గడానికి కాదు, పందేలు అయ్యాక అలసట తీరడానికి. మందు అని చెప్పి మందు తాగడం ఎక్కడైనా ఒకటే! ఆ జ్వరం దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే 1897లో కనిపెట్టాడు.

1899కి మద్రాసు నుంచి బెజవాడకి రైలు దారి కలిసింది. బిట్రగుంట రైలు ఊరు. ఆవిరి ఇంజన్ల కాలంలో ఇక్కడి షెడ్డు దక్షిణాదిలో పెద్దవాటిలో ఒకటి. బొగ్గు, నీళ్లు, డ్రైవర్లు మారే చోటు. కాలనీలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. అప్పట్లో మాకు జిన్ అనే మాటే తెలియదు. మాకు తెలిసింది అల్లం వైను. క్రిస్మస్‌కి మా పక్క క్వార్టర్స్ ఆంటీ చిన్న గాజు గ్లాసుల్లో పోసి ఇచ్చేది, పక్కనే కుల్‌కుల్స్ ప్లేటు. అల్లం, లవంగం, దాల్చినచెక్క నీళ్లలో మరగబెట్టి, చక్కెరను మాడ్చి రంగు తెచ్చి, నిమ్మ పిండి చేసేది. పేరుకే వైను, మత్తు ఏమీ ఉండదు. మా అమ్మ మొదటిసారి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఇది శొంఠికషాయమే కదమ్మా, తాగండి" అంది.

1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రం అంతటా మద్యనిషేధం వచ్చింది, అప్పుడు నెల్లూరు అందులోదే. ఆంధ్రలో 1960ల చివరికి అది పోయింది. తర్వాత సారా వేలంపాటలు. 1980ల్లో 'వారుణి వాహిని' అని ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పాకెట్లలో పోసి పల్లెలకి పంపింది. 1970-71లో రాష్ట్ర ఎక్సైజు ఆదాయం 39 కోట్లు, 1991-92కి 812 కోట్లు. ఆ కోట్లన్నీ ఎవరి ఇంటి బియ్యండబ్బా నుంచి పోయాయో వేరే చెప్పాలా.

మా అత్త ఇంటి నుంచీ పోయాయి. మా మామ కూలి డబ్బు సగందాకా అంగట్లోనే ఇచ్చి వచ్చేవాడు. కలిగిరి దగ్గర దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న కబురు 1991లో అక్షరాస్యత తరగతుల ద్వారా ఊరూరికీ పాకింది. వాళ్ల కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠమైంది. వాళ్లను నడిపించిన వర్ధినేని రోశమ్మ పేరు తెలియని ఇల్లు జిల్లాలో లేదు. 1992లో ఆడవాళ్లు చీపుర్లు, కారంపొడి పట్టుకుని అంగళ్ల మీదికి పోయారు, పాకెట్లు చించి పారబోశారు, నెల్లూరులో వేలంపాట జరగనీయలేదు. మా అత్త అప్పుడు ముప్పైల్లో ఉంది, తనూ పోయింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1న రాష్ట్రమంతా. 1995 జనవరి 16న ఎన్టీఆర్ పూర్తి నిషేధం తెచ్చారు, 1997లో సడలించారు. సారా పోయింది గానీ సీసా తిరిగి వచ్చింది.

ఇలాంటి ఇంటికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ బ్యాగులో జిన్ సీసా తెచ్చింది. దాచలేదు, బల్ల మీద పెట్టింది. తన జీతం, తన ఇష్టం, ఆదివారం ఒక గ్లాసు. మా అత్తకి చెవి కొంచెం తక్కువ. జిన్ అంటే జున్ననుకుని, "యాడ దొరికింది మే, ఎనుము ఈనిందా?" అంది. తర్వాత సీసా చూసి అర్థమైంది. అరవలేదు. "మేము పారబోసింది దీన్నే కదమ్మే" అని మాత్రం అంది.

"కాదు జేజీ, మీరు పారబోసింది మిమ్మల్ని కొట్టించినదాన్ని" అంది మా అమ్మాయి.

"కొట్టించేది సీసాలో ఏదున్నా ఒకటే." మా అత్త లేచి లోపలికి పోయింది.

నాకు ఇద్దరి మాటా సబబుగానే ఉంది, ఇప్పటికీ తీర్పు చెప్పలేను. నిజానికి ఆ పోరాటం ఆడది తాగకూడదని కాదు, ఆడదాని డబ్బూ ఒళ్లూ ఆమెవి అని. అలా చూస్తే మా అమ్మాయి గ్లాసు కూడా ఆ పోరాటం తెచ్చిన స్వేచ్ఛే. కానీ మా అత్తకి ఆ మాట చెప్పే హక్కు నాకుందా? దెబ్బలు తిన్నది తను. సీసా మాత్రం మా అత్త కంట పడకుండా అల్మారాలోకి పోయింది. గ్లాసులోకి పోసే మిగతాదంతా నేనే చేస్తానన్నాను, అందరూ తాగేలా.

పది పన్నెండు నీలం శంఖుపూలు, ఆకుపచ్చ తొడిమలు తీసి, గ్లాసు వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. అరకప్పు చక్కెర, అరకప్పు నీళ్లు కాస్తూ అందులో చెంచాడు కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు, రెండు యాలకులు, ఒక నిమ్మకాయ పైతొక్క వెయ్యండి. పైన ఉన్న పచ్చదే, లోపలి తెల్లది పడితే చేదు. చల్లారాక వడకట్టండి. పచ్చద్రాక్ష గుప్పెడు గ్లాసు అడుగున మెదిపి, రెండు చెంచాల పాకం, ఐసు, సగం దాకా సోడా, పైన మెల్లగా నీలం నీళ్లు. గూడూరు నిమ్మ దొరికితే అదే వాడండి, రసం ఎక్కువ. నిమ్మ మాత్రం వంటింట్లో పిండకండి, ఎవరి గ్లాసులో వాళ్లు పిండుకోవాలి, రంగు మారేది అప్పుడే.

మా అమ్మాయి తన గ్లాసులో 30 మిల్లీలీటర్లు పోసుకుంది. మా అత్త గ్లాసులో ఏమీ పడలేదు. నిమ్మ పిండగానే రంగు తిరిగితే రెండుసార్లు పిండి చూసుకుంది, పులుపెక్కువైందని ఇంకో చెంచా పాకం వేయించుకుంది. ధనియాల పాకం ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, పూల నీళ్లు మాత్రం ఏ రోజుకారోజే.