గుండెకు కొత్త కణములు

మన చర్మము తెగినచో మూసుకొనును. ఎముక విరిగినచో అతుకుకొనును. గుండె అట్లు కాదు. గుండెపోటులో నెత్తురందక చచ్చిన కండరము చోట మచ్చ మిగులును. ఆ మచ్చకు ముడుచుకొను శక్తి లేదు. 25 ఏండ్ల వయస్సున సైతము ఏటా నూటికి ఒక కండరకణమే కొత్తదగునని, అణుబాంబు పరీక్షల వలన గాలిలో చేరిన కర్బనము ఆధారముగా, 2009లో స్టాక్‌హోం శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

ఈ లోటు తీరునన్న ఆశ 2001లో మొలకెత్తినది. ఎముక మజ్జలోని కణములు ఎలుక గుండెలో కండరముగా మారినవని అమెరికాలో ఒక బృందము ప్రకటించెను. రోగులపై ప్రయోగములు వెంటనే మొదలైనవి. 2004లో ఇతరులు పరీక్షింపగా ఆ మార్పు కానరాలేదు. ఆ బృందనాయకుని ప్రయోగశాల వెలువరించిన 31 పత్రములలో నమ్మదగని వివరములున్నవని, వానిని ఉపసంహరింపవలెనని 2018లో హార్వర్డ్ వైద్యవిద్యాలయము కోరినది.

మరియొక త్రోవ జపానులో తెరచుకొన్నది. 2006లో యమనక ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను చొప్పించి, ఏ అవయవముగనైనను పెంచదగు మూలకణములుగా వానిని మార్చెను. అట్టి మూలకణములనుండి పెంచిన గుండెకండరపు పొరను 2020 జనవరిలో ఒసాకా విశ్వవిద్యాలయ వైద్యులు ఒక రోగి గుండెపై అమర్చిరి.

పొర చేయు మేలును దానిని చేసినవారు చెప్పిన చాలదు. ఇతరులును పరీక్షించి చెప్పవలెను. గుండెపోటు వచ్చిన యింట ఈ నిరీక్షణ కష్టమే. అయినను 2001 నాటి తొందరను ఎరిగిన మనము నిరీక్షింపక తప్పదు.