జంగిల్ ఒకప్పుడు కారడవి కాదు

'జంగిల్' అనగానే పగలే చీకటి కమ్మిన కారడవి మనసులో మెదులుతుంది. దీనికి మూలమైన సంస్కృత 'జాంగలం' మాత్రం దాదాపు ఎదురు అర్థమిచ్చేది. నీళ్లు తక్కువ, చెట్లు పలచన. చండ్ర, రేగు, జమ్మి పెరిగే మెట్టనేల అది. గాలీ ఎండా ధారాళం. ప్రాచీన ఆయుర్వేద వైద్యులు చరక సుశ్రుతులు నేలను జాంగలం, ఆనూపం, సాధారణం అని మూడుగా చెప్పారు. వాళ్ల లెక్కలో చిత్తడి ఆనూపం కఫరోగాలకు నెలవు. జాంగలంలో తిరిగే జింక మాంసం తేలికగా అరుగుతుందన్నారు. వాళ్లకు అది భయపెట్టే చోటు కాదు, ఆరోగ్యపు నేల! ఎంత చక్కని చూపు! జాంగలం నుంచి పుట్టిన హిందుస్తానీ 'జంగల్' 18వ శతాబ్దంలో ఇంగ్లీషుకెక్కింది, దట్టమైన అడవిగా మనకు తిరిగొచ్చింది.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో కృష్ణజింకలు గెంతే గడ్డినేల అసలైన జాంగలం. దయచేసి అలాంటి నేలను బంజరు అనకండి.