లష్కరు పునర్దర్శనము

పరదేశసైన్యము ఒకచోట దీర్ఘకాలము నిలిచి వెడలిపోయినప్పుడు దానితోపాటు పోవున దేమి, మిగులున దేమి అను ప్రశ్నకు చరిత్రగ్రంథములు సామాన్యముగా సంధిపత్రములతోను, సేనానుల నామములతోను సమాధానము చెప్పును. ఆ సేనను ఆశ్రయించి బ్రతికిన జనసమూహమును గూర్చి అవి చెప్పునది స్వల్పము. ఈ వ్యాసమున సికిందరాబాదును ఆ జనసమూహము పక్షమునుండి మరల పరిశీలింపదలచితిమి. నేడది మహానగరమున ఒక భాగము. కాని 1806 మొదలు 1947 వరకు, అనగా సుమారు నూటనలువది యేండ్లు, అది బ్రిటిషువారికి సముద్రము కావలి సైనికస్థావరము.

స్థావరము పుట్టుక తెలియనిది కాదు. 1798 సెప్టెంబరు 1వ తేదీన నిజాం అలీఖాను ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకారసంధి చేసికొనెను. ఆ అక్టోబరులో ఫ్రెంచి అధికారుల చేతిక్రింద నున్న నిజాము పటాలములు నిరాయుధము చేయబడినవి. వాని స్థానమున నిలిచిన కంపెనీ పటాలముల పోషణకు నిజాము ఏటేట 24 లక్షలకు పైబడిన రూపాయలు చెల్లింపవలసి వచ్చెను. 1800 అక్టోబరునాటి సంధితో సైన్యము పెరిగెను. రొక్కమునకు బదులు, మైసూరు యుద్ధముల ఫలముగా 1792, 1799 సంవత్సరములలో తనకు లభించిన సీమలను నిజాము కంపెనీకి వదలుకొనెను. అట్లు చేతులు మారినవే బళ్ళారి, కడప, అనంతపురము ప్రాంతములు. వానికే దత్తమండలములని పేరు. 1928లో నంద్యాల సభ రాయలసీమ అను నామమును స్వీకరించువరకు ఆ సీమ ఈ పాత పేరుతోనే వ్యవహరింపబడెను.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున దిగిన దండుకు మూల్యము చెల్లించినవారు ఆ దండును ఎన్నడును కన్నులజూడని కడప, బళ్ళారి రైతులు. థామస్ మన్రో 1800 మొదలు 1807 వరకు ఆ మండలములలో చేసిన శిస్తునిర్ణయము రైత్వారీ పద్ధతి చరిత్రలో విశేషముగా చర్చింపబడినది. ఆ మండలములు కంపెనీ వశమగుటకు కారణము సైన్యపోషణ యని కూడ చేర్చి చెప్పినగాని ఆ కథ పూర్తికాదు. రాయలసీమ చరిత్రను, సికిందరాబాదు చరిత్రను వేర్వేరు అధ్యాయములుగా చదువుట మనకు అలవాటైనది. మూలమున అవి ఒకే పత్రములోని రెండు వాక్యములు.

1803లో సింహాసనమెక్కిన సికందర్ జా పేరిట 1806లో ఆ దండునకు సికిందరాబాదని పేరు వచ్చెను. దానికి ఉత్తరమున బొల్లారములో నిలిచినది వేరొక సేన. నిజాము జీతమిచ్చి, ఇంగ్లీషు అధికారులు నడిపిన హైదరాబాదు కంటింజెంటు. దాని బాకీల నిమిత్తము 1853లో బీరారు సీమ కంపెనీ పాలనలోనికి పోయెను. జనులు ఈ భేదములను లెక్కింపలేదు. వారికి ఆ ప్రదేశమంతయు ‘లష్కరు’. సైన్యమను అర్థముగల ఈ పారసీకపదము ఊరిపేరైనది.

ఈ లష్కరులో ఉన్నవారెవరు? సికిందరాబాదులోని కంపెనీసేన మదరాసు సైన్యములోనిది. ఆ సైన్యములో తెలుగువారు మొదటినుండియు ఉండిరి. పదునెనిమిదవ శతాబ్దిలో వారు వంగదేశమునకు పోయినందుననే హిందూస్థానీలో ‘తిలంగా’ అను పదమునకు సిపాయి అని అర్థము కలిగినది. మదరాసు సిపాయి తన ఆలుబిడ్డలను వెంటబెట్టుకొని తరలుట ఆ సైన్యమున ఆచారము. వంగదేశపు సిపాయికి ఆ ఆచారము లేదు. కావున మదరాసు పటాలమొకటి కదలినదన్న ఒక చిన్న ఊరు కదలినట్లే. దాని వెంట చాకలివారు, నీళ్లు మోయువారు, గడ్డి కోయువారు, వంటవారు, డోలీలు మోయు బోయీలు వచ్చిరి. సరకులు సమకూర్చుటకు తమిళ మొదలియార్లు, పార్సీలు, మార్వాడీలు చేరిరి. నిజాము రాజ్యమునడుమ నుండియు అతని శాసనము చెల్లని ఆ నేలపై తెలుగు, తమిళము, దక్కనీ ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన క్రొత్త సమాజము రూపొందెను.

ఆ సమాజమునకు వ్రాతపత్రములు తక్కువ, పదములు మిక్కుటము. రెజిమెంటల్ బజారు, రిసాలా బజారు, పికెట్, మడ్‌ఫోర్టు, కార్ఖానా మొదలగు పేళ్లు నేటికిని వాడుకలో నున్నవి. రిసాలా యనగా అశ్వికదళము; గుఱ్ఱములు పోయినను బజారు పేరు నిలిచినది. ‘బోయీ’ అను మన పదము మరియు విచిత్రముగా ప్రయాణించినది. పల్లకీ మోయువాని నుద్దేశించి ఇంగ్లీషువారు పలికిన ‘బాయ్’ వారి భాషలోని పిల్లవాడను పదము కాదనియు, బోయీ యను కులనామమే అట్లయ్యె ననియు 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ పదకోశము వివరించినది. పిలిచినవారు తమ పదమనుకొనిరి; పలికినవాడు తన పేరనుకొనెను.

అట్టి డోలీ మోయువానిని గూర్చియే లష్కరులోని ప్రసిద్ధమైన ఐతిహ్యము. సురిటి అప్పయ్య అను నతడు 1813లో తన పటాలముతో ఉజ్జయినికి పోయెను. సికిందరాబాదున కలరా వ్యాపించినదని విని, ఊరు బాగుపడినచో మహంకాళిని తెచ్చి ప్రతిష్ఠింతునని అచట మ్రొక్కుకొనెనట. 1815లో తిరిగి వచ్చి కొయ్యవిగ్రహమును నిలిపెనని సంప్రదాయము. లష్కరు బోనాలకు కేంద్రమైన ఉజ్జయినీ మహంకాళి ఆలయమునకు ఇది మూలకథ. ఈ కథలో ప్రతియంశమును పత్రములతో నిరూపింపలేము. అయినను దాని నిర్మాణము చారిత్రకమైనది: పటాలముల బదిలీ, దండులో కలరా, దూరదేశమునుండి ఊరిని తలచుకొను సేవకుడు. సేనానులు కట్టించిన చర్చిలు శిలాఫలకములతో నిలిచినవి. 1813 నాటి సెయింట్ జాన్ చర్చి వానిలో ప్రాచీనము. మోతగాని ప్రతిష్ఠ ప్రతి ఆషాఢమున జనులు ఎత్తు బోనములతో నిలిచినది.

అధికారపత్రములలో సామాన్యుని పేరు ఒక్కొక్కమారు యాదృచ్ఛికముగా వెలుగులోనికి వచ్చును. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ బేగంపేటలో దోమ శరీరమున మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకు 1902లో నోబెలు బహుమానము పొందెను. ఆ దోమలకు తన రక్తమిచ్చిన రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టినది. రాస్ వ్రాసియుండనిచో ఆ పేరును మనకు దక్కెడిది కాదు. అట్లు వ్రాయబడని పేళ్లెన్నియో.

1945–46 నాటికి సికిందరాబాదు పౌరప్రాంతము నిజాము పాలనకు తిరిగి వచ్చెను; 1947తో బ్రిటిషు దండు ముగిసెను. స్థావరము మాత్రము శూన్యము కాలేదు. నేడు భారతసైన్యపు శిక్షణసంస్థలు అచట కలవు. బొల్లారములోని రెసిడెంటు విడిది రాష్ట్రపతి నిలయమై, 2023 నుండి ఏడాది పొడవున ప్రజలకు దర్శనీయమైనది. 1983 నవంబరు 20వ తేదీన, తన ముప్పదియారవ వివాహవార్షికదినమున, ఎలిజబెత్ రాణి బొల్లారములోని 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చిలో ప్రార్థనకు వచ్చెను. పాలించినవారి వంశీయులకు పునర్దర్శనము ఇట్లు సాధ్యము. వారికి రెజిమెంటుల పట్టికలున్నవి, చర్చి నమోదు పుస్తకములున్నవి, చెక్కిన సమాధులున్నవి. తాతను వెదకుచు వచ్చినవారికి పేరు, తేదీ, వ్యాధి సైతము దొరకును.

దండును కొలిచి అచటనే స్థిరపడినవారి సంతతికి ఆ వసతి లేదు. వారు తిరిగి రానక్కరలేదు, ఎన్నడును పోలేదు కనుక. కాని వారి ముత్తాత ఏ పటాలము వెంట, ఏ ఊరినుండి వచ్చెనో చెప్పు ఫలకము లేదు. 2023 నుండి కంటోన్మెంట్ల పౌరప్రాంతములను పొరుగు నగరపాలక సంస్థలలో కలుపు ప్రయత్నము దేశమున సాగుచున్నది. పాలన మారుటలో దోషము లేదు. హద్దులు మారునప్పుడు వీథుల పేళ్లును, పాత దస్తరములును మారుట, చెదరుట మాత్రము మన అనుభవములోనిదే.

కావున పరిశోధకవిద్యార్థులకు మూడు పనులను సూచింతుము. బజారుల పేళ్లను, వానిని గూర్చిన వాడుక కథలను ఇంటింట సేకరింపవలెను. మదరాసు సైన్యపు జీతపు పట్టీలలో, పింఛను పట్టికలలో తెలుగు పేళ్లను వెదకి ఆ కుటుంబముల జ్ఞాపకములతో సరిపోల్చవలెను. దత్తమండలముల శిస్తులెక్కలను దండు వ్యయముతో చేర్చి చదువవలెను. మొదటి పని వృద్ధుల జీవితకాలముపై ఆధారపడినది. దానితోనే ప్రారంభించుట మంచిది.