గామా మెరుపులు ఎంత దూరాన?

1963 ఆగస్టు 5వ తేదీన మాస్కో నగరములో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ఒక ఒడంబడికపై సంతకాలు చేసినవి. వాతావరణములోను, సముద్రములోను, అంతరిక్షములోను అణ్వస్త్రాలను పరీక్షించరాదని దాని సారాంశము. మాట ఇచ్చుట సులభమే. ఎదుటివాడు మాట తప్పినాడో లేదో తెలియుట ఎట్లు? ఇందుకై అమెరికా ఆ అక్టోబరు నుండి 'వేలా' అను ఉపగ్రహాలను జంటలుగా పంపసాగినది. ఇవి లక్ష కిలోమీటర్లకు పైబడిన ఎత్తున తిరుగుతూ, దొంగచాటు విస్ఫోటనాలకై కాపు కాసినవి.

గామా కిరణాలు కూడ వెలుగు జాతివే. కాని వాటి శక్తి చాలా ఎక్కువ. మామూలు కటకాలకు, దర్పణాలకు లొంగవు. వాతావరణము వాటిని మధ్యలోనే పీల్చివేయుటచే నేలమీదికి రావు. అందుచే వేలాలలో సీసియం అయొడైడు స్ఫటికాలను అమర్చారు. గామా కిరణము తాకగానే స్ఫటికములో సన్నని వెలుగు పుట్టును. ఆ వెలుగును విద్యుత్తుగా మార్చి లెక్కించెదరు. వేలా-5లో అట్టి స్ఫటికాలు ఆరు. ఒక్కొక్కటి 10 ఘనపు సెంటీమీటర్లు, అనగా రెండు చెంచాల నీళ్ళంత!

1967 జూలై 2న వేలా స్ఫటికాలు మెరిసినవి. ఆనాడు ఎవరూ గమనించలేదు. 1969లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో రే క్లెబెసాడెల్, రాయ్ ఓల్సన్ పాత లెక్కల కాగితాలను తిరగవేయుచుండగా ఇది కంటబడినది. అణుబాంబు తొలి మెరుపు సెకండులో వెయ్యవ వంతులోపే ముగిసి, పిమ్మట నెమ్మదిగా సన్నగిల్లును. ఇందులోనో రెండు శిఖరాలున్నవి. అది సెకండ్లపాటు సాగినది. బాంబు కానే కాదు.

మరి ఎక్కడిది? ఒకే మెరుపు ఒక ఉపగ్రహమునకు ముందుగాను, ఎదుటి వైపున ఉన్నదానికి సెకండులో కొంత భాగము ఆలస్యముగాను చేరును. ఆ తేడాను కొలిచినచో మెరుపు వచ్చిన దిక్కు తెలియును. ఈ విధముగా భూమి కాదని, సూర్యుడు కాదని తేలినది. ఇయాన్ స్ట్రాంగును కలుపుకొని, ఆ ఇద్దరు 1973లో 16 మెరుపుల వివరాలను ప్రకటించారు.

దిక్కు తెలిసినది గాని దూరము తెలియలేదు. అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. మెరుపు దగ్గరిదైనచో దాని శక్తి సామాన్యము. బహుదూరముదైనచో, సూర్యుడు తన జీవితకాలమంతటిలో వెలువరించు శక్తికి తీసిపోనంత శక్తి కొద్ది సెకండ్లలో వెలువడినదని ఒప్పుకొనవలెను. అది నమ్మశక్యము కాని మాట.

1991 ఏప్రిల్ 5న కాంప్టన్ గామా దూరదర్శిని అంతరిక్షమునకు వెళ్ళినది. దాని ఎనిమిది మూలలలో ఎనిమిది గ్రాహకాలుండెను. తొమ్మిదేండ్లలో అవి 2,704 మెరుపులను పట్టినవి. ఊరి చివర మేడపై నిలుచున్నవానికి ఊరి దీపాలు ఒక ప్రక్కనే గుంపుగా కనిపించును గదా! అట్లే ఈ మెరుపులు మన పాలపుంతలోవైనచో ఒక పట్టీవలె కనిపించవలెను. అవి ఆకాశమంతట సమముగా చెదరి ఉన్నవి.

అయినను తగవు తీరలేదు. 1995 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో బహిరంగ వాదము జరిగినది. ఇవి సుదూరపు నక్షత్రమండలాలవని బోడాన్ పాచిన్స్కీ. పాలపుంతను దూరముగా చుట్టుముట్టిన న్యూట్రాన్ తారలవని డొనాల్డ్ లాంబ్. డెబ్బదియైదేండ్ల క్రితము విశ్వపరిమాణమును గూర్చి షాప్లీ, కర్టిస్ వాదించినది కూడ ఆ భవనములోనే.

తీర్పు ఒక చిన్న ఉపగ్రహము చెప్పినది. ఇటలీ, హాలండు కలిసి పంపిన బెప్పోసాక్స్ 1997 ఫిబ్రవరి 28న ఒక మెరుపును పట్టినది. ఎనిమిది గంటలలో దానిని అటు త్రిప్పగా, ఆరిపోవుచున్న ఎక్సు కిరణాల నిప్పు కనిపించినది. ఎక్సు కిరణాలతో చోటు కచ్చితముగా గుర్తింపవచ్చును. కావున మామూలు దూరదర్శినులను సరిగా అక్కడికే గురిపెట్టారు. మసకబారుచున్న చుక్క ఒకటి దొరికినది. ఆ మే 8న వచ్చిన మరొక మెరుపు చుక్కనుండి హవాయిలోని కెక్ దూరదర్శిని వర్ణపటము తీసినది. అందలి రేఖలు ఎరుపు వైపునకు జరిగిన కొలత 0.835. అనగా ఆ వెలుగు బయలుదేరి సుమారు 700 కోట్ల సంవత్సరాలైనది; అప్పటికి మన భూమి పుట్టనే లేదు.

ఎనిమిది గంటల జాగు కూడ ఇప్పుడు లేదు. 2004 నవంబరులో పంపిన స్విఫ్ట్ ఉపగ్రహము, ఎవరి ఆజ్ఞకును ఎదురుచూడక, నిమిషము, నిమిషమున్నరలో తానే మెరుపు వైపు తిరుగునట్లు నిర్మింపబడినది.