గుంజాల ‘అ’కు నాలుగు బైట్లు

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో మన పెద్దలు దాచి ఉంచిన రాతప్రతుల లిపి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. మంగల్ సింగ్ మసారం 1918లో రూపొందించిన గోండి లిపి అంతకు ఏడాది ముందే చేరింది. తెలుగుకైతే 1991లోనే చోటు దక్కింది.

కంప్యూటర్ దాచుకునేది అంకెలనే. యూనికోడ్‌లో తెలుగు ‘అ’ సంఖ్య 3077. యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు: 224, 176, 133. మన గుంజాల ‘అ’ సంఖ్య 73056. నాలుగు బైట్లు: 240, 145, 181, 160. మొదటి 65,536 గడులు దాదాపు నిండిపోయాక వచ్చాం కదా, ఊరి చివర స్థలం ఇచ్చినట్టే!

మూడు బైట్లకే కట్టిన పాత డేటాబేస్‌లలో మన లిపిలో రాసిన మన పేరు నిలవదు. ఫాంట్ లేని ఫోన్‌లో డబ్బాలు కనిపిస్తాయి. కానీ బైట్లు చెరిగిపోవు, ఫాంట్ వేస్తే అక్షరం మళ్లీ కనిపిస్తుంది. రాతప్రతులను ఫొటోలు తీసి ఊరుకోకుండా టైపు కూడా చేద్దామని మనం అనుకుంటున్నది అందుకే.