కుక్క ఒంటి మీద ఎర్రటి తడి మచ్చ: ఇంట్లో ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు

పెరట్లోనో, గోదాం దగ్గరో, తోటలోనో కాపలా ఉండే కుక్క ఉన్నట్టుండి ఒకే చోట నాక్కుంటూ, కొరుక్కుంటూ కూర్చుంటుంది. పొద్దున చూస్తే రూపాయి బిళ్లంత ఎరుపు, సాయంత్రానికి అరచేయంత. అక్కడ వెంట్రుకలు ఊడి, చర్మం తడిగా, జిగటగా ఉంటుంది. వాసన కూడా వస్తుంది. పశువుల డాక్టర్లు దీన్ని హాట్ స్పాట్ అంటారు. కొన్ని గంటల్లోనే ఇంత పెరగడం దీని లక్షణం. చిన్నగా ఉన్నప్పుడు పట్టుకుంటే చాలాసార్లు ఇంట్లోనే తగ్గుతుంది.

మచ్చ వెనక వేరే కారణం ఒకటి ఉంటుంది. పిడుదులు, ఫ్లీస్ అనే దూకే పురుగులు, చెవిలో చీము, తిండి పడకపోవడం, స్నానం తర్వాత సరిగ్గా ఆరని బొచ్చు, వీటిలో ఏదో ఒకటి దురద పుట్టిస్తుంది. కుక్క గోక్కుంటుంది, పుండు పడుతుంది, దాని మీద బాక్టీరియా పెరిగి దురద ఇంకా ఎక్కువవుతుంది. వానాకాలం ఉక్కలో, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి ఒత్తైన బొచ్చు కుక్కల్లో ఇది ఎక్కువ. బుగ్గ మీదో చెవి కిందో వస్తే ముందు చెవి లోపల చూడాలి. తోక మొదట్లో వస్తే పురుగులను అనుమానించాలి.

హాట్ స్పాట్ మనుషులకు అంటదు. గజ్జి, తామర మాత్రం అంటుకుంటాయి. మచ్చ పొడిగా, పొట్టు రాలుతూ, గుండ్రంగా ఉంటే తామర కావొచ్చు. చెవి అంచులు, మోచేతులు బోసిపోయి కుక్క రాత్రంతా గోక్కుంటుంటే గజ్జి కావొచ్చు. ఇంట్లో పిల్లల చేతుల మీద కూడా దురద మొదలైతే ఇంటి వైద్యం ఆపి డాక్టర్‌కి చూపించాలి.

ఇక శుభ్రం చేసే పని. ఇద్దరు ఉంటే మంచిది, ఒకరు పట్టుకోవాలి, ఒకరు చేయాలి. చేతికి గ్లౌజులు, ఒంటికి పాత బట్టలు వేసుకుంటే చొంగ అంటినా తర్వాత మార్చుకోవడం సులువు. నొప్పితో ఉన్న కుక్క ఎంత మచ్చికైనదైనా కరుస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. చేయి పెట్టనివ్వకపోతే అక్కడితో ఆపేయాలి.

ముందు మచ్చ చుట్టూ బొచ్చు కత్తిరించాలి. అంచు దాటి మంచి చర్మం కనిపించేదాకా తీయాలి, లేకపోతే కింద తడి అలాగే నిలిచిపోతుంది. ట్రిమ్మర్ ఉంటే కత్తెర కన్నా అదే నయం. తర్వాత పోవిడోన్ అయోడిన్ లోషన్‌ను కాచి చల్లార్చిన నీళ్లలో బాగా పల్చటి సులేమానీ చాయ్ రంగు వచ్చేదాకా కలిపి, దూదితో కాకుండా గాజు గుడ్డతో మెల్లగా అద్ది తుడవాలి. దూది పోగులు పుండుకు అతుక్కుంటాయి. రుద్దకూడదు. కంటి దగ్గర పెట్టకూడదు. చివర్లో పొడి గుడ్డతో అద్ది ఆరనివ్వాలి. రోజుకి రెండు మూడు సార్లు ఇలా చేయాలి. కట్టు కట్టొద్దు, గాలి తగలాలి.

ఇంత చేసినా కుక్క నాకితే పని మళ్లీ మొదటికొస్తుంది. మెడకు కోన్ తప్పదు. పెట్ షాపులో దొరుకుతుంది, అప్పటిదాకా గట్టి అట్టతో చేసుకోవచ్చు. కోన్ తీసేసిన పది నిమిషాల్లో పుండు పాడైన ఇళ్లు చాలా ఉన్నాయి, తినేటప్పుడు తీసినా పక్కనే ఉండాలి.

అసలు నష్టం మన ఇళ్లలోని అలవాటు మందులతోనే. కాలిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ చర్మాన్ని కాలుస్తాయి, కుక్క నాకితే ఒంట్లోకి వెళ్తాయి. కొబ్బరి నూనె, పసుపు ముద్ద తడిని లోపలే మూసేస్తాయి. డెటాల్, స్పిరిట్ మండిస్తాయి. పిల్లల డైపర్ క్రీమ్‌లో, కాలమైన్ లోషన్‌లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది, నాకితే విషం. మెడికల్ షాపులో ఇచ్చే మూడు మందుల మిక్స్ ట్యూబులో స్టెరాయిడ్ ఉంటుంది, అది తామర అయితే ఇంకా పెరుగుతుంది. నొప్పికి పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ మాత్రలు అస్సలు వద్దు. మొదటిది కాలేయాన్ని, రెండోది కడుపును, కిడ్నీలను దెబ్బతీస్తుంది.

పిడుదుల మందు కుక్క బరువును బట్టి డాక్టర్ రాసిందే వాడాలి. పొలం పురుగుమందు, గేదెలకు వాడే మందు వద్దు. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకో జాగ్రత్త. పెర్మెత్రిన్ కలిసిన కుక్క మందు పిల్లి ప్రాణం తీయగలదు, మందు వేసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు.

ఒకటి రెండు రోజుల్లో మచ్చ ఆరడం మొదలవకపోతే, అరచేతి కన్నా పెద్దదైతే, కంటి దగ్గర ఉంటే, చీము కారుతుంటే, కుక్క తిండి మానేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పుండులో పురుగులు కనిపిస్తే ఆ పూటే తీసుకెళ్లాలి. మండల కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో కుక్కల్ని కూడా చూస్తారు.

ఈ పనిలో కుక్క కరిచినా, గోరుతో గీరి రక్తం వచ్చినా, గాయాన్ని సబ్బుతో, ధార కట్టిన నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. కుక్కకు టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు, టీకా కార్డు వెంట తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించాలి.