క్లోరోఫాం: హైదరాబాదు చెప్పిన పాఠం

మత్తులో ఉన్న రోగి నాడిని చూడాలా, శ్వాసను చూడాలా? నర్సింగు చదివే మీకు ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. ఒకప్పుడు దీనిపైనే రోగుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

క్లోరోఫాం మరణాలకు కారణం తేల్చడానికి 1888లోనూ, 1889లోనూ హైదరాబాదులో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో కమిషన్లు పనిచేశాయి. రెండవదానికి నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు చేసి, ముందుగా ఆగేది శ్వాసేననీ, దాన్ని కనిపెట్టి ఉంటే గుండెకు భయం లేదనీ తేల్చారు.

కాని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై మరో సంగతి నిరూపించాడు. మత్తు తేలికగా ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి, హఠాత్తుగా మరణం సంభవిస్తుంది!

శ్వాసను గమనించమన్న సలహా మంచిదే. గుండెను మరచిపొమ్మనడమే ప్రమాదం. అందుకే నేడు మీరు రెండింటినీ గమనించాలి.